అమ్మమ్మ మతం చూసి పౌరసత్వం తీసేశారు: నాజీ చట్టాలు యూదుల హక్కులను ఊడబెరికిన తీరు

పౌరసత్వం మీద, గుర్తింపు పత్రాల మీద ఎక్కడ గొడవ మొదలైనా ఎవరో ఒకరు 1935లో నాజీ జర్మనీ యూదుల మీద తెచ్చిన న్యూరెంబర్గ్ చట్టాల పేరెత్తుతారు. ఇటువైపు వాళ్లూ ఎత్తుతారు, అటువైపు వాళ్లూ ఎత్తుతారు. ఆ చట్టాల్లో అసలేముందో చదివినవాళ్లు మాత్రం తక్కువ. మనలో చాలామందికి తెలిసిన కథ రెండు ముక్కలే: హిట్లర్ వచ్చాడు, గ్యాస్ చాంబర్లు వచ్చాయి. ఆ రెండింటి మధ్య దాదాపు తొమ్మిదేళ్లున్నాయి. ఆ కాలంలో జరిగిన దాంట్లో ఎక్కువ భాగం నంబరు, తేదీ, సంతకాలతో సహా గెజిట్లో అచ్చయింది. 1933 నుంచి 1939 వరకే యూదులను కట్టడి చేసే చట్టాలు, ఉత్తర్వులు 400 పైన వచ్చాయి.

ముందు కొన్ని లెక్కలు. 1933 జూన్ జనాభా లెక్కల ప్రకారం జర్మనీలో యూదులు సుమారు 5 లక్షలు, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. 1871లో దేశం ఏకమైనప్పటి నుంచి వాళ్లకు చట్టం ముందు సమాన హక్కులున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు లక్షమంది యూదులు జర్మనీ తరఫున సైన్యంలో పనిచేశారు, వాళ్లలో 12,000 మంది చనిపోయారు. ఇలా దేశంలో కలిసిపోయిన మనుషుల్ని చట్టం వేరుచేయాలంటే ముందు వాళ్లెవరో తేల్చాలి. ఆ తేల్చడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

రాజ్యాంగాన్ని రద్దు చేయకుండానే పక్కన పెట్టారు

హిట్లర్ 1933 జనవరి 30న ఛాన్సలర్ అయ్యాడు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఒక అత్యవసర ఉత్తర్వుతో వాక్ స్వాతంత్ర్యం, సభలు పెట్టుకునే హక్కు, అక్రమంగా అరెస్టు కాకుండా ఉండే రక్షణ, అన్నీ పోయాయి. మార్చి 23న పార్లమెంటు తన అధికారాన్ని తానే మంత్రివర్గం చేతిలో పెట్టింది. 444 ఓట్లు అనుకూలం, 94 వ్యతిరేకం. వ్యతిరేకించింది సోషల్ డెమొక్రాట్లు ఒక్కరే. కమ్యూనిస్టులను అసలు సభలోకే రానివ్వలేదు.

ఆ చట్టంతో మంత్రివర్గమే చట్టాలు చేయొచ్చు, అవి రాజ్యాంగానికి విరుద్ధంగా ఉన్నా చెల్లుతాయి. కాబట్టి జర్మన్లందరూ చట్టం ముందు సమానులని చెప్పే 109వ అధికరణాన్ని కొట్టేయాల్సిన పనే రాలేదు. ఆ రాజ్యాంగాన్ని నాజీలు చివరిదాకా లాంఛనంగా రద్దు చేయలేదు. అది పుస్తకంలో అలాగే ఉండిపోయింది.

తర్వాత జరిగినవన్నీ దీని మీద కట్టినవే. యూదుల ప్రస్తావన ఒక్కటీ లేని చట్టమిది.

1933: ఉద్యోగాల్లోంచి తీసేశారు, కొందరిని ఉంచారు

ఏప్రిల్ 7న వచ్చిన చట్టం పేరు ‘వృత్తిపర ప్రభుత్వోద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ చట్టం’. పేరు వింటే ఏదో పరిపాలనా సంస్కరణ అనుకుంటాం. అందులో 3వ సెక్షన్ ‘ఆర్య సంతతి కాని’ ఉద్యోగులను రిటైర్ చేయాలంది. నాలుగు రోజులకే వచ్చిన నిబంధన ఆర్యేతరుడంటే ఎవరో చెప్పింది: తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ అనే నలుగురిలో ఒక్కరు యూదులైనా చాలు.

వృద్ధ రాష్ట్రపతి హిండెన్‌బర్గ్ ఒక విషయంలో పట్టుబట్టాడు. 1914 ఆగస్టు 1 నాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు, యుద్ధరంగంలో పోరాడినవాళ్లకు, తండ్రినో కొడుకునో యుద్ధంలో పోగొట్టుకున్నవాళ్లకు మినహాయింపు దొరికింది. లాయర్లకూ అవే షరతులు. అప్పట్లో ప్రాక్టీసు చేస్తున్న సుమారు 4,500 మంది యూదు లాయర్లలో మూడింట రెండు వంతుల పైగా ఈ మినహాయింపులతో నిలబడ్డారు. యూదులు యుద్ధం ఎగ్గొట్టారని ఏళ్ల తరబడి ప్రచారం చేసిన నాజీలకే ఈ లెక్క చూసి నోట మాట రాలేదు.

మినహాయింపు మేలా, కీడా అన్నది ఈ కథలో తెగని ప్రశ్న. కొందరికి రెండు మూడేళ్ల జీతం దక్కిన మాట నిజం. అదే సమయంలో, ‘నేను మాజీ సైనికుణ్ణి, ఈ చట్టం నా కోసం కాదు’ అన్న ధీమా చాలామందిని దేశం వదలకుండా ఆపింది. చట్టం అందరినీ ఒక్కసారే కొట్టి ఉంటే అందరూ ఒక్కసారే కదిలేవాళ్లేమో.

డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి సాహిత్యం చెప్పే విక్టర్ క్లెంపెరర్ అలా మిగిలినవాడే. తండ్రి యూదు మతాచార్యుడు. ఈయన మాత్రం ఎప్పుడో ప్రొటెస్టెంట్ క్రైస్తవంలోకి మారాడు, భార్య ఎవా యూదు కాదు, యుద్ధరంగంలో పనిచేశాడు. 1933 దాటింది. 1935 ఏప్రిల్ చివర్లో ఉద్యోగం పోయింది. మిగతాది ఆయన రోజూ రాసుకున్న డైరీల్లో ఉంది. వాటిని మళ్లీ చూద్దాం.

మళ్లీ 1933కి వస్తే, ఏప్రిల్ 25న బడులు, కాలేజీల్లో ‘రద్దీ తగ్గించే’ చట్టం వచ్చింది. కొత్తగా చేరేవాళ్లలో ఆర్యేతరులు నూటికి ఒకటిన్నర మించకూడదు. జులైలో, 1918 తర్వాత పౌరసత్వం పొందినవాళ్ల పత్రాలను రద్దు చేసే వీలు కల్పించారు. ఆ దెబ్బ ఎక్కువగా తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల మీద పడింది. అక్టోబరులో పత్రికల్లో పనిచేయడానికీ ఆర్య షరతు పెట్టారు.

న్యూరెంబర్గ్, 1935 సెప్టెంబరు 15

ఆ ఏడాది వేసవిలో నాజీ కార్యకర్తలు వీధుల్లో యూదుల మీద దాడులు పెంచారు. వ్యాపారం, విదేశాల్లో పరపతి దెబ్బతింటున్నాయని ఆర్థిక మంత్రి షాహ్ట్ విసుక్కున్నాడు. ఆయన వద్దన్నది వివక్షను కాదు, రోడ్డు మీద అల్లరిని. ఏం చేసినా చట్టప్రకారం చేయండి అన్నది ఆయన వాదన. సెప్టెంబరులో న్యూరెంబర్గ్‌లో పార్టీ వార్షిక సభలు జరుగుతుండగా పార్లమెంటును కూడా అక్కడికే పిలిపించారు. పెట్టింది మూడు చట్టాలు. ఒకటి జెండా గురించి. మిగతా రెండూ మనకు కావాల్సినవి.

పౌరసత్వ చట్టం మనుషులను రెండు అంతస్తుల్లో పెట్టింది. కింది అంతస్తులో ఉన్నది దేశస్థుడు: రాజ్యానికి కట్టుబడి ఉండాలి, పన్ను కట్టాలి, పాస్‌పోర్టు ఉంటుంది. పై అంతస్తులో పౌరుడు: ఓటు, పదవి, రాజకీయ హక్కులు అతనివే. పై అంతస్తుకు వెళ్లాలంటే జర్మన్ రక్తమో దానికి దగ్గరి రక్తమో ఉండాలి, పైగా ప్రవర్తనతో విధేయత రుజువు చేసుకోవాలి. యూదులు ఒక్క సంతకంతో కింది అంతస్తుకు దిగిపోయారు. 1936 మార్చి ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. పౌరులకు ఇస్తామన్న ప్రత్యేక ధ్రువపత్రం మామూలు జర్మన్లకు కూడా ఎన్నడూ అందలేదు. విధేయత షరతు వాళ్ల నెత్తిన కూడా వేలాడుతూనే ఉంది.

రెండోది రక్త రక్షణ చట్టం. యూదులకూ జర్మన్ రక్తం వాళ్లకూ పెళ్లి నిషేధం, పెళ్లి బయటి సంబంధం నేరం. యూదుల ఇళ్లలో 45 ఏళ్ల లోపు జర్మన్ ఆడవాళ్లు పని చేయకూడదు. మూడు చట్టాలూ ఆ రోజే ఏకగ్రీవంగా పాసయ్యాయి.

ఇవి హడావుడిగా రాసినవని ఒక కథ చాలాకాలం నడిచింది. హోంశాఖలో యూదు వ్యవహారాలు చూసే బెర్న్‌హార్డ్ లోజెనర్‌ను రెండు రోజుల ముందు విమానంలో రప్పించారు. నిద్ర లేకుండా ముసాయిదాలు రాశామని ఆయనే యుద్ధం తర్వాత రాసుకున్నాడు. ఆయన వాంగ్మూలం లేకుండా ఆ రెండు రాత్రులూ మనకు తెలియవు. కానీ అది తనను తాను కాపాడుకోవడానికి రాసుకున్నదని, మిశ్రమ వివాహాల నిషేధం మీద శాఖల్లో అంతకు చాలా ముందు నుంచే కసరత్తు నడుస్తోందని తర్వాతి చరిత్రకారులు కొందరు చూపించారు. ఉదాహరణకు 1934 జూన్ 5న శిక్షాస్మృతి సంస్కరణ సంఘం సమావేశంలో అమెరికా రాష్ట్రాల జాతి చట్టాలను వరసగా ముందేసుకుని చర్చించారు. ఆ మాటల నమోదు ఇప్పటికీ ఉంది. అమెరికాను చూసి నేర్చుకున్నారని కొందరంటారు. 1905లోనే నైరుతి ఆఫ్రికాలోని తమ వలసలో మిశ్రమ వివాహాలను నిషేధించిన జర్మనీకి బయటి గురువు అక్కర్లేదని ఇంకొందరంటారు. దాఖలాలు చూస్తే రెండూ నిలబడేవే.

ఇంతకీ యూదుడంటే ఎవరు?

వింత ఏమిటంటే, సెప్టెంబరు చట్టాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. శిక్షలు ఖరారయ్యాయి, ఎవరికో తేలలేదు. ‘పూర్తి యూదులకే వర్తిస్తుంది’ అన్న వాక్యాన్ని ముసాయిదాలోంచి హిట్లర్ కొట్టేశాడు, పత్రికలకు పంపే ప్రకటనలో మాత్రం ఉంచమన్నాడు. పార్టీవాళ్లు ఒక్క తాత యూదైనా చాలన్నారు, హోంశాఖ గీత అంత దూరం వద్దంది. రెండు నెలలు లాగి నవంబరు 14న నిర్వచనం ఇచ్చారు.

తాతలు, అవ్వలు కలిపి నలుగురిలో ముగ్గురో నలుగురో యూదులైతే ఆ మనిషి యూదు. బాప్తిస్మం తీసుకున్నా, చర్చికి వెళ్తున్నా తేడా లేదు. ఒక్కరే అయితే రెండో తరగతి ‘మిష్‌లింగ్’, అంటే సంకరం. ఇద్దరైతే మొదటి తరగతి మిష్‌లింగ్. ఆ ఇద్దరి కేసులోనే మెలికలన్నీ ఉన్నాయి.

ఊహకి ఇద్దరు అన్నదమ్ములను తీసుకుందాం. తండ్రివైపు తాతా నాయనమ్మా యూదులు, తల్లివైపు ఇద్దరూ క్రైస్తవులు. అన్న యూదు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, తమ్ముడు చేసుకోలేదు. ఇద్దరి పేర్లూ యూదు ప్రార్థనామందిరం రిజిస్టరులో లేవు. చట్టం ప్రకారం అన్న యూదు, తమ్ముడు మిష్‌లింగ్. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ల ‘రక్తం’ పెళ్లిని బట్టి మారిపోయింది. తమ్ముడి పేరు 1935 సెప్టెంబరు 15 నాటికి ఆ రిజిస్టరులో ఉంటే అతనూ యూదే అయ్యేవాడు.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కుదాం. సరే, తాత యూదని ఎలా తెలుస్తుంది? జాతి శాస్త్రం అంటూ ముక్కులు, పుర్రెలు కొలిచినవాళ్లకు రక్తం చూసి చెప్పే పద్ధతి ఏదీ దొరకలేదు, దొరికేదీ కాదు. అందుకే నిబంధనలో ఇలా రాసుకున్నారు: తాతగానీ అవ్వగానీ యూదు మత సంఘంలో సభ్యులైతే వాళ్లు పూర్తి యూదులే, దానిపై వాదన లేదు. అంటే జాతి చట్టానికి రుజువు మతం. దీంతో ఒక విడ్డూరం పుట్టింది. తరతరాలుగా లూథరన్ కుటుంబంలో పుట్టిన ఒకావిడ పెళ్లి కోసం యూదు మతంలోకి మారిందనుకోండి. మనవడి లెక్క తీసేటప్పుడు ఆవిడ కూడా ‘జాతిరీత్యా పూర్తి యూదు’. నా దృష్టిలో ఈ చట్టాల డొల్లతనం ఇంత స్పష్టంగా ఇంకెక్కడా బయటపడదు. అది తెలియక రాసింది కూడా కాదు. రాసినవాళ్లు లా చదివినవాళ్లే.

ఇక రుజువుల పని దేశమంతా పడింది. మన దగ్గర సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినట్టు అక్కడ జనం బాప్తిస్మం, పెళ్లి నమోదుల నకళ్ల కోసం చర్చిల చుట్టూ తిరిగారు. పాస్టర్లు, రిజిస్ట్రార్లు, వంశవృక్షాలు గీసే నిపుణులు అందరూ ఈ యంత్రంలో పళ్లచక్రాలయ్యారు. వాళ్లలో చాలామంది ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. నకలు తీసి ముద్ర కొట్టి ఇచ్చారంతే.

డబ్బు లాగిన దారి

1938 నుంచి వేగం పెరిగింది. ఏప్రిల్ 26న, 5,000 మార్కులు దాటిన ఆస్తి ఉన్న యూదులంతా జాబితా రాసి ఇవ్వాలన్నారు. సెప్టెంబరు 30తో యూదు డాక్టర్ల లైసెన్సులు, నవంబరు 30తో లాయర్ల లైసెన్సులు రద్దయ్యాయి. 1933లో హిండెన్‌బర్గ్ మినహాయింపుతో మిగిలిన లాయర్ల కథ అక్కడితో ముగిసింది.

నవంబరు 9, 10 తేదీల్లో దేశమంతా ప్రార్థనామందిరాలు తగలబెట్టి, దుకాణాలు పగలగొట్టి, సుమారు 30,000 మంది యూదు మగవాళ్లను నిర్బంధ శిబిరాలకు పంపారు. నవంబరు 12న నాజీ అగ్రనేత గోరింగ్ పెట్టిన సమావేశంలో తేల్చినవి చూడండి. యూదులే ‘ప్రాయశ్చిత్తంగా’ 100 కోట్ల మార్కులు కట్టాలి. పగిలిన దుకాణాలు వాళ్లే సొంత ఖర్చుతో బాగుచేయించాలి. బీమా కంపెనీలు క్లెయిము చెల్లించకపోతే విదేశాల్లో పరువు పోతుంది కాబట్టి చెల్లించాలి, కానీ ఆ సొమ్ము ప్రభుత్వం తీసుకుంటుంది. జనవరి 1 నుంచి యూదులు దుకాణం నడపకూడదు.

‘మరి వెళ్లిపోవచ్చు కదా?’ అని అడిగేవాళ్లకు ఒక లెక్క. ఊహకి ఒక కుటుంబం 1939లో 1,00,000 మార్కుల ఆస్తితో బయల్దేరిందనుకుందాం. దేశం వదిలేవాళ్ల మీద పారిపోయే పన్ను 25 శాతం, అంటే 25,000. (ఈ పన్ను నాజీలు పెట్టింది కాదు. 1931లో ఆర్థిక మాంద్యంలో డబ్బు దేశం దాటకుండా బ్రూనింగ్ ప్రభుత్వం పెట్టింది. నాజీలు 1934లో దాని పరిధిని 2,00,000 మార్కుల ఆస్తి నుంచి 50,000కు దించి వాడుకున్నారు.) ప్రాయశ్చిత్త సుంకం 20 శాతం, ఇంకో 20,000. మిగిలిన 55,000 స్తంభింపజేసిన ఖాతాలో పడుతుంది. దాన్ని విదేశీ డబ్బుగా మార్చుకోవాలంటే ఆ ఏడాది సెప్టెంబరుకు 96 శాతం కోత. చేతికొచ్చేది 2,200 మార్కుల విలువ. ఇదంతా ఇల్లూ దుకాణం సరైన ధరకు అమ్ముడుపోతే. అలా అమ్ముడుపోయినవి తక్కువ. జేబులో తీసుకెళ్లే నగదు తలకు 10 మార్కులు.

చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లకు వీసా ఇచ్చేదెవరు? 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని సానుభూతి చెప్పాయి. చెప్పుకోదగ్గ సంఖ్యలో తీసుకుంటానన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

పేరు, పాస్‌పోర్టు, పిల్లి

1938 ఆగస్టు 17 ఉత్తర్వు ప్రకారం, ప్రభుత్వం ఒప్పుకున్న యూదు పేర్ల జాబితాలో లేని పేరున్న మగవాళ్లు ‘ఇజ్రాయెల్’, ఆడవాళ్లు ‘సారా’ అని తమ పేరుకు తగిలించుకోవాలి. అక్టోబరులో పాత పాస్‌పోర్టులు చెల్లవన్నారు, కొత్త వాటి మీద ఎర్రటి ‘జె’ ముద్ర. సరిహద్దులో యూదు శరణార్థులను సులువుగా గుర్తుపట్టాలన్న స్విట్జర్లాండ్ ఒత్తిడి కూడా ఈ ముద్ర వెనక ఉంది.

క్లెంపెరర్ దగ్గరికి వద్దాం. ఉద్యోగం పోయాక ఆయన యాభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుని సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. 1938 డిసెంబరులో యూదుల డ్రైవింగ్ లైసెన్సులు రద్దయ్యాయి. అంతకుముందే గ్రంథాలయం రీడింగ్ రూములోకి రావద్దన్నారు. 1940లో సొంత ఇల్లు ఖాళీ చేసి యూదులందరినీ కుక్కే ఇంటికి మారాల్సొచ్చింది. రేడియో పోయింది, టైప్‌రైటరు పోయింది. 1941 సెప్టెంబరు 19 నుంచి ఆరేళ్లు నిండిన యూదులందరిలాగే ఆయనా కోటు మీద పసుపు నక్షత్రం కుట్టుకున్నాడు. 1942 మేలో యూదులు పెంపుడు జంతువులను ఉంచుకోకూడదన్నారు, వేరేవాళ్లకు ఇవ్వడమూ కుదరదన్నారు. వాళ్ల పిల్లి పేరు ముషెల్. దాన్ని వాళ్లు పశువైద్యుడి దగ్గర చంపించాల్సొచ్చింది.

యూదేతర భార్య ఉండటంతో ఆయన్ని శిబిరాలకు పోయే రైలెక్కించలేదు. చట్టంలో ఉన్న అనేక అంతరాల్లో అదొకటి. అంటే ఎవా విడాకులిస్తే, లేదా చనిపోతే, మర్నాడు ఆయనకు దిక్కులేదు.

సరిహద్దు దాటితే దేశస్థుడు కూడా కాదు

1941 అక్టోబరులో యూదులను రైళ్లలో తూర్పుకు పంపే సామూహిక తరలింపులు మొదలయ్యాయి. అదే నెల స్వచ్ఛందంగా వెళ్లిపోవడాన్ని నిషేధించారు. అప్పటికి ఒకటిన్నర లక్షల పైగా యూదులు జర్మనీలో మిగిలున్నారు. నవంబరు 25న పౌరసత్వ చట్టం కింద 11వ నిబంధన వచ్చింది: విదేశంలో నివాసమున్న యూదు జర్మన్ జాతీయతను కోల్పోతాడు, ఆస్తి రాజ్యానికి చెందుతుంది. 1935లో వదిలిపెట్టిన కింది అంతస్తు కూడా ఇలా కూలింది. బలవంతంగా రైల్లో పంపినా ‘విదేశ నివాసమే’. రైలు సరిహద్దు దాటగానే కోర్టు, నోటీసు ఏవీ అక్కర్లేకుండా ఇల్లు ప్రభుత్వానిదైపోతుంది.

ఇక్కడ గుమాస్తాలకు ఒక చిక్కొచ్చింది. ఆష్‌విట్జ్ మరణ శిబిరం ఉన్నది జర్మనీ తనలో కలుపుకున్న భూభాగంలో, అంటే చట్టం లెక్కన అది విదేశం కాదు. కాబట్టి అక్కడికి పంపేవాళ్లకు ఈ నిబంధన వర్తించదు. దానికి వేరే దారి చూశారు. ‘ప్రజలకు, రాజ్యానికి శత్రువుల’ ఆస్తి జప్తుకు 1933లో చేసిన చట్టం కింద ఒక్కొక్కరికీ విడిగా ఉత్తర్వు తయారుచేసి, రైలెక్కే ముందు గుమికూర్చిన చోటే కోర్టు అమీను చేత అందజేయించారు. చంపడానికి పంపుతూ, ఆస్తి బదిలీలో లోపం రాకుండా చూసుకున్నారు.

అన్నీ ముందే అనుకున్నవా?

చరిత్రకారుల్లో దీని మీద రెండు పెద్ద వాదనలున్నాయి. హిట్లర్ మొదటి నుంచీ అనుకున్నదే మెట్టు మెట్టుగా అమలైందన్నది ఒకటి. ముందస్తు ప్లాన్ లేదు, శాఖలు, పార్టీ నాయకులు ఒకరితో ఒకరు పోటీపడుతూ ఒకదాన్ని మించి ఒకటి తెచ్చారన్నది రెండోది. నిర్వచనం మీద రెండు నెలల లాగులాట, 11వ నిబంధనలో మిగిలిన కంత చూస్తే రెండోది నమ్మబుద్ధేస్తుంది. అదే సమయంలో, ఇన్ని శాఖలు ఇంత గజిబిజిగా పనిచేసినా ఒక్క అడుగు కూడా వెనక్కి పడలేదు. ఈ సంగతికి మొదటివాదమే బాగా జవాబిస్తుంది. ఇప్పుడు చాలామంది రెంటినీ కలిపి చూస్తున్నారు.

అప్పటి యూదులు ఎలా చూశారన్నది వేరే విషయం. 1935లో వాళ్ల ప్రతినిధుల సంఘం ఆ చట్టాలు చాలా గట్టి దెబ్బ అంటూనే, ఇకనైనా ఇరువైపులా భరించదగ్గ సంబంధానికి అవి ఆధారం కావాలని కోరుకుంది. ఇప్పుడు చదివితే అమాయకత్వంలా కనిపిస్తుంది. వీధిలో ఎవడు ఎప్పుడు కొడతాడో తెలియని టెన్షన్ కంటే రాసిపెట్టిన నియమం నయమనుకోవడం ఆనాటికి అర్థంలేని ఆలోచనేమీ కాదు.

అది చట్టమేనా?

ఓడిన జర్మనీని పాలించిన మిత్రదేశాల నియంత్రణ మండలి 1945 సెప్టెంబరు 20న ఈ చట్టాలను రద్దు చేసింది. కానీ అప్పటిదాకా అవి చెల్లాయా, లేదా? న్యాయ తత్వవేత్త గుస్తావ్ రాడ్‌బ్రుఖ్ 1946లో ఒక గీత గీశాడు: అన్యాయం భరించలేనంత దూరం పోయినప్పుడు, సమానత్వాన్ని కావాలనే కాలరాసినప్పుడు అది చట్టమే కాదు. ఇంగ్లండులో హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1958లో దీన్ని ఒప్పుకోలేదు. అది చట్టమే, పాటించకూడనంత దుర్మార్గమైన చట్టం, కాదనేసి చేతులు దులుపుకుంటే అసలు ప్రశ్న నుంచి తప్పుకున్నట్టే అన్నాడు.

పుస్తకాల్లో వాదనలా అనిపించే ఈ ప్రశ్న 1968లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిపోయిన ఒక యూదు లాయరును 1942లో అక్కణ్నుంచి తరలించారు. ఆ తర్వాత ఆయన జాడ లేదు. వారసత్వానికి ఏ దేశ చట్టం వర్తించాలన్నది కేసు. దానికి ఆయన చనిపోయేనాటికి జర్మనా కాదా తేలాలి. కోర్టు రాడ్‌బ్రుఖ్ వైపు నిలబడింది: 11వ నిబంధన మొదటి నుంచీ చెల్లదు, అది ఏనాడూ చట్టం కాదు, ఆయన జాతీయత పోలేదు.

మరి దేశం నుంచి వెళ్లగొట్టినవాళ్లందరూ తమకు తెలియకుండానే జర్మన్లుగా ఉండిపోయినట్టా? తమను తరిమిన దేశపు పౌరసత్వం అక్కర్లేదనుకున్నవాళ్ల మాటేమిటి? 1949 రాజ్యాంగంలోని 116వ అధికరణం దీనికి మధ్యేమార్గం పెట్టింది. అడిగినవాళ్లకు, వాళ్ల సంతానానికి తిరిగి ఇవ్వాలి, అడగనివాళ్ల నెత్తిన రుద్దకూడదు. ఆచరణలో మళ్లీ చిక్కులొచ్చాయి. జాతీయత తండ్రి నుంచే సంక్రమించే పాత రూలు వల్ల, జర్మన్ తల్లికీ విదేశీ తండ్రికీ పుట్టినవాళ్ల దరఖాస్తులు ఏళ్ల తరబడి తిరస్కరించారు. 2021 ఆగస్టులో చట్టం మార్చాక వాళ్లకూ దారి తెరుచుకుంది. ఇప్పుడు దరఖాస్తు చేసేవాళ్లు చూపించాల్సింది మళ్లీ తాతల కాగితాలే.